పన్నెండు గంటల వంతు

దయ్యాలు ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మేవారితో వాదించనూ లేదు. కొలతకు అందని విషయం మీద వాదన పెట్టుకోవడం నా స్వభావం కాదు. చనిపోయినవారు కనిపించారనో, గోడ గడియారం సరిగ్గా ఆ క్షణానికే ఆగిపోయిందనో ఎవరైనా చెప్పినప్పుడు నేను అడిగేవి మూడే ప్రశ్నలు. ఎన్ని గంటలకు? చూసింది ఎవరు? ఎక్కడ రాసి పెట్టారు? సాధారణంగా అక్కడితో ఆ సంభాషణ ముగిసేది.

నేను క్రైస్తవుణ్ణి, మా కుటుంబంలో మూడో తరం. పునరుత్థానాన్ని విశ్వసిస్తాను. అయితే విశ్వాసం వేరు, నమోదు వేరు. ఆ రెండింటినీ ఒకే గడిలో రాసే అలవాటు నాకు లేదు.

ముప్పై మూడేళ్లు మండల స్థాయిలో గణాంకాల ఉద్యోగం చేశాను. రోజువారీ వర్షపాతం, సాగైన విస్తీర్ణం, పంట కోత ప్రయోగాలు నా పని. చూడనిది రాయకూడదు, చూసినది మార్చకూడదు. ఉద్యోగంలో పాటించిన ఆ నియమాన్నే ఇక్కడా పాటిస్తున్నాను. కింద రాసిన సమయాలన్నీ నా డైరీతోనూ, మందిరం నోటుపుస్తకంతోనూ సరిచూసుకున్నవే. సరిచూడలేకపోయిన చోట ఆ మాట చెబుతాను.

నలభై రెండో ఏట నాకు పెనుకొండకు బదిలీ అయింది. కొండ కోటకు వెళ్లే దారికి దగ్గరలోనే ఒక చిన్న రాతి మందిరం ఉంది. ఆదివారాలు కూడా ఉదయం ఎనిమిదిన్నరకు మండల కార్యాలయం ఆవరణలోని వర్షమాపకం చూసి, అంకె రాసి, ఆ తర్వాతే ఆరాధనకు వెళ్లేవాణ్ణి. మొదటి నెలలోనే ఒకాయన మెట్ల మీద నన్ను ఆపి అడిగాడు.

"ఏమప్పా సారూ, ఆరు నెలల నుంచి సుక్క వాన ల్యాకపోయె. సున్నా రాసేదానికి దినామూ ఆడికి పొయ్యేదేంటికి? ఇంట్లో కూర్చోనే రాయొచ్చు కదా."

"సున్నా అని తెలియాలంటే పోయి చూడాలి కదప్పా" అన్నాను.

ఆయన చాలాసేపు నవ్వాడు. "అయితే నువ్వూ నేనూ ఒకే పని చేస్తాండాము. నేను దినామూ ప్రార్థనకు మోకరించేదీ ఇట్లనే" అన్నాడు.

ఆయనే ఓబులేసు, ఎముకలు తేలిన బక్కపలచని మనిషి. ధర్మవరంలో పట్టు మగ్గాలకు అతుకు పని చేసేవాడు. మగ్గం మీద నిలువు పోగుల వరస అయిపోవచ్చినప్పుడు, కొత్త వరసలోని ఒక్కొక్క పోగునూ పాత పోగు కొసకు వేళ్ల మధ్య మెలిపెట్టి కలపాలి. ఒక చీర వెడల్పుకు నాలుగు వేల చిల్లర పోగులని ఆయన చెప్పేవాడు. పట్టు జారిపోకుండా బొటనవేలికీ చూపుడువేలికీ బూడిద అద్దుకుంటారు. ఆ బూడిద ఆయన వేళ్ల గీతల్లో ఇంకిపోయింది. ఎంత కడిగినా, ముట్టుకున్న చోటల్లా రెండు బూడిదరంగు మచ్చలు పడేవి. నేను తెల్ల చొక్కాలే వేసుకుంటాను. కాబట్టి ఈ విషయం మా ఇంట్లో అందరికంటే నా భార్య రూతమ్మకు బాగా తెలుసు.

ఆయన భార్యది పెనుకొండ. బాప్తిస్మం కూడా అక్కడే తీసుకున్నాడు. అప్పుడు మందిరం పాస్టరు అయ్యగారు ఓబద్యా అని పేరు పెట్టారు గానీ, అయ్యగారితో సహా ఎవరూ అలా పిలవలేదు. చదువు నాలుగో తరగతి. బైబిలును వేలితో పోగులు లెక్కపెట్టినట్టు ఒక్కొక్క మాట మీదా ఆగి చదివేవాడు. నేను ముప్పై అధ్యాయాలు చదివేలోపు ఆయన మూడు చదివేవాడు. ఆ మూడింటి గురించి మాట్లాడుకుంటూ ఉంటే మాకు బస్సు వెళ్లిపోయేది. కులం, చదువు, ఉద్యోగం, ఏ లెక్కన చూసినా మేమిద్దరం కలిసి కూర్చోవలసిన వాళ్లం కాదు. మా మధ్య ఉన్నది విశ్వాసం ఒక్కటే. అది సరిపోయింది.

నా పెళ్లైన పదకొండేళ్లకు పుట్టిన ఒక్కగానొక్క కూతురు కృప. పెనుకొండకు వచ్చేనాటికి దానికి ఏడాది. దాని మొదటి పట్టు పరికిణీ గుడ్డ తెచ్చి ఇచ్చింది ఓబులేసే.

ఇక గొలుసు ప్రార్థన గురించి చెప్పాలి, ఎందుకంటే జరిగినదంతా దాని పద్ధతి మీదే ఆధారపడి ఉంది.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందటి శుక్రవారం మా మందిరంలో ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు గొలుసు ప్రార్థన జరుగుతుంది. పన్నెండు గంటలు, పన్నెండు మంది. మందిరం పక్కనున్న చిన్న గదిలో గోడకు సిలువ, దాని ముందు ఒక చాప ఉంటాయి. ఒక్కొక్కరు గంటసేపు ఒంటరిగా మోకరించి ప్రార్థించాలి. తర్వాతి వ్యక్తి లోపలికి వచ్చి, మోకరించి ఉన్నవారి ఎడమ భుజం మీద చెయ్యి వేస్తారు. ఆ చెయ్యి పడేదాకా లేవకూడదు. పడిన తర్వాత కళ్లు దించుకునే లేచి బయటికి వెళ్లిపోవాలి. లేచేవారు, వచ్చేవారు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, మాట్లాడుకోరు. గదిలోకి వచ్చేది దేవునితో మాట్లాడడానికి, పక్కవారితో కాదు అని పూర్వం పెద్దలు పెట్టిన కట్టుబాటు. వరండాలో బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంటుంది. లోపలికి వచ్చేవారు తమ పేరు ఎదురుగా సమయం రాయాలి.

వంతుల పట్టిక వేసే పని మొదటి ఏడాదే నాకు అప్పగించారు. పదకొండు నుంచి పన్నెండు నాది. పన్నెండు నుంచి ఒంటిగంట ఓబులేసుది. ఒంటిగంట నుంచి సుగుణమ్మది. ఆమె నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. తర్వాత నేను హిందూపురంలో ఇల్లు కట్టుకున్నాను. అయినా నేను అటు నుంచి, ఓబులేసు ధర్మవరం నుంచి ఇంచుమించు ఒకే దూరం ప్రయాణం చేసి, ఏటా ఆ రోజున పెనుకొండకు వచ్చేవాళ్లం.

ఇరవై ఏడేళ్లలో ఓబులేసు ఒక్కసారి కూడా పన్నెండింటికి రాలేదు.

నోటుపుస్తకంలో సమయం రాసే అలవాటు కూడా ఆయనకు లేదు. నేను బయటికి వచ్చినప్పుడు గడియారం చూసి ఆయన సమయం నేనే రాసేవాణ్ణి, నా డైరీలోకీ ఎక్కించుకునేవాణ్ణి. ఆయన వచ్చేదాకా లేచే వీలు లేదు గనుక, ఆయన ఆలస్యం ఎన్ని నిమిషాలో అన్ని నిమిషాలు నా మోకాళ్ల మీద నమోదయ్యేవి.

ఇరవై ఏడో ఏడాది యాభై ఒక్క నిమిషాలు ఆలస్యమైంది. నాకు కుడి మోకాలి కీలు అరిగిందని అంతకు ముందే డాక్టరు చెప్పారు. చెయ్యి పడ్డాక లేవబోయి గడప దగ్గర పడిపోయాను. బయట కూర్చుని తేరుకున్న తర్వాత రైల్వే స్టేషనుకు ఫోను చేయించి కనుక్కున్నాను. ధర్మవరం నుంచి వచ్చే రైలు ఆ రోజు సరైన సమయానికే వచ్చింది. అంటే ఆయన పదకొండుంబావుకే పెనుకొండలో దిగాడు. స్టేషను నుంచి మందిరానికి ఎంత నెమ్మదిగా నడిచినా ఇరవై ఐదు నిమిషాలు. మిగిలిన సమయం ఎక్కడో టీ కొట్టులో కూర్చున్నాడని నేను నిర్ణయించుకున్నాను. ఇది నేను చూసింది కాదు. అయినా రాసుకున్నాను.

సాయంత్రం ఆరు తర్వాత పన్నెండు మందిమీ మందిరం ఆవరణలో కూర్చుని ఉపవాసం విడుస్తాం. అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించారు. నేను డైరీ తీసి అందరి ముందూ చదివాను. ఇరవై ఏడేళ్లకు మొత్తం ఆలస్యం నాలుగు వందల అరవై ఎనిమిది నిమిషాలు. అంటే ఏడు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. సగటున ఏడాదికి పదిహేడు నిమిషాల పైచిలుకు.

ఓబులేసు ముద్ద కలుపుతూ నవ్వాడు. "ఏం సారూ, ఇది ప్రార్థన లెక్కనా, వాన లెక్కనా? మిల్లీమీటర్లలో చెప్పు, ఇంగా బాగుంటాది."

అందరూ నవ్వారు. సుగుణమ్మ మాత్రం, "నవ్వింది సాల్లే ఓబులేసూ, ఆ సారు మోకాలు సూడు ఎట్ల వాచిందో. నీ పెండ్లినాడన్నా టయానికి పోతివో లేదో" అన్నది.

"పెండ్లినాడు నాకంటే ముందు ఆయమ్మే వచ్చి కూర్చోని ఉండె" అన్నాడు ఓబులేసు. మళ్లీ నవ్వులు.

నేను నవ్వలేదు. "వచ్చే సంవత్సరం పట్టికలో నీ పేరుండదు. ఆ గంట కూడా నేనే చేస్తాను" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ఆయన చెయ్యి విస్తట్లోనే ఉండిపోయింది. "నువ్వు రాయకుంటే నేను రాకుండా పోతానా సారూ?" అన్నాడు. అప్పటికీ ముఖం మీద నవ్వు కొంచెం మిగిలి ఉంది.

తర్వాత బస్సు దాకా నాతో నడిచి వచ్చాడు. నేను కుంటుతూ ఉంటే ఆయన అడుగు తగ్గించి నడిచాడు. "నేనొచ్చేదాకా నువ్వు లేయవని నాకు తెలుసు సారూ. ఇన్నేండ్లలో ఒక్కసారన్నా లేస్తివా?" అని అడిగాడు.

"అదే నేను చేసిన తప్పు" అన్నాను.

ఎదురెదురుగా నేను ఆయనతో అన్న చివరి మాట అదే. ఆ తర్వాత ఏడాదిపాటు మేము కలవలేదు. క్రిస్మస్ రోజున ఆయన ఫోను చేశాడు. ఫోను రూతమ్మకిచ్చి పక్క గదిలోకి వెళ్లాను.

పోయిన సంవత్సరం పట్టిక వేసేటప్పుడు చెప్పినట్టే చేశాను. పదకొండు, పన్నెండు, రెండు వరసల్లోనూ నా పేరే రాశాను. లోపల మాత్రం ఒక ఆలోచన ఉండేది. ఈ ఒక్కసారి శిక్ష చాలు; ఈస్టరు నాడు నేనే ధర్మవరం వెళ్లి, వచ్చే ఏటికి పేరు మళ్లీ ఎక్కిస్తానని చెప్పాలనుకున్నాను. ఇది నేను ఎక్కడా రాసి పెట్టలేదు. కాబట్టి దీనికి ఆధారం చూపలేను.

ఆ వారం మంగళవారం సాయంత్రం నాలుగూ పదికి ఓబులేసు నంబరు నుంచి ఫోను మోగింది. పేరు వేయమని బతిమాలుతాడేమోనని ఎత్తలేదు. తిరిగి చేయనూ లేదు.

శుక్రవారం ఉదయం పదకొండింటికి నా ముందువారి భుజం మీద చెయ్యి వేసి మోకరించాను. ఆ రోజు నాకు ప్రార్థన రాలేదు. మామూలుగా ఆ గదిలో నేను కృప గురించి ప్రార్థిస్తాను. పందొమ్మిదేళ్ల వయసులో, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, అయిదు రోజుల జ్వరంతో అది పోయింది. ఇంట్లో రూతమ్మ ముందు నేను ఏడవలేదు, సమాధి దగ్గర ఏడవలేదు. ఏటా ఆ గదిలో మాత్రమే ఏడ్చేవాణ్ణి. కానీ ఆ శుక్రవారం కన్నీళ్లు రాలేదు. రెండు గంటలు ఇలాగే ఉండాలన్న లెక్క తప్ప మనసులో ఏమీ లేదు. మొద్దుబారిన పన్నును నాలుకతో తడిమినట్టు ఉండింది.

అప్పుడు ఎడమ భుజం మీద చెయ్యి పడింది.

తేలికైన చెయ్యి. బొటనవేలు మెడ వైపు, మిగతావి భుజం మీద. ఇరవై ఏడేళ్లుగా ఎరిగిన బరువు. నేను ఆశ్చర్యపడలేదు. రాయకపోయినా వచ్చాడన్న మాట ఒక్కటే మనసులో మెదిలింది. కొంత చిరాకు వేసింది. సంతోషం కూడా కొంత వేసి ఉండాలి. ముఖం చూడకూడదన్న నియమం ఆ రోజు నాకు బాగా అనుకూలించింది. కళ్లు దించుకుని లేచి వరండాలోకి వచ్చాను.

గడియారం చూశాను. సరిగ్గా పన్నెండు. సెల్‌ఫోనులోనూ పన్నెండే. పట్టికలో ఆయన పేరుకు వరస లేదు కాబట్టి, నోటుపుస్తకం అంచున "ఓ. 12.00" అని రాశాను. ఆ అక్షరాలు నావే, ఇప్పటికీ ఉన్నాయి. మెట్ల దగ్గర ఇంకో చెప్పుల జత ఉందో లేదో గమనించలేదు. చూడలేదు గనుక ఉందనీ లేదనీ చెప్పలేను.

ఒంటిగంట దాకా ఆగి మాట్లాడి ఉండవచ్చు. ఆగలేదు. మోకాలు నొప్పిగా ఉందని అయ్యగారి భార్యతో చెప్పి, సాయంత్రం భోజనానికి కూడా ఉండకుండా, పన్నెండున్నర బస్సుకు హిందూపురం వచ్చేశాను.

సాయంత్రం బట్టలు నానబెడుతూ రూతమ్మ పెరట్లో నుంచి కేకేసింది. "ఏమండీ, ఈసారి కూడా ఓబులేసన్న చెయ్యి కడుక్కోకుండానే వచ్చినాడా? భుజం మీద సూడండి, బూడిద. తెల్ల చొక్కా కనపడితే సాలు ఆయప్పకు, ముద్ర వేయకుండా వదలడు."

నేను లేచి చూడలేదు. ఓబులేసు పేరు తీసేసిన సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే తిడుతుందని తెలుసు. చొక్కా ఆ సాయంత్రమే ఉతికి ఆరేసింది. కాబట్టి ఆ మచ్చను నా కళ్లతో నేను చూడలేదని ఇక్కడ నమోదు చేయాలి.

శనివారం ఉదయం ఏడూ ఇరవైకి ఓబులేసు నంబరు నుంచి మళ్లీ ఫోను వచ్చింది. ఈసారి ఎత్తాను. ఆయన కూతురు గ్రేసి.

"వందనాలు సారూ. నాయన నిన్న పోయినాడు. ఈ పొద్దు మూడింటికి భూస్థాపన."

"ఎన్ని గంటలకు?" అన్నాను. అయ్యో అని కూడా అనకుండా ముందు అడిగిన మాట అదే.

"పన్నెండూ నలభైకి అని డాక్టరు రాసిచ్చినాడు సారూ."

"అదెట్లవుతుందమ్మా? నిన్న పన్నెండింటికి మీ నాయన పెనుకొండలో ఉన్న్యాడు."

ఆమె మెల్లగా అంది. "యాడ సారూ? సోమవారం అతుకు పని మీదనే పడిపోయినాడు. అప్పటినుంచి ధర్మవరం ఆస్పత్రిలోనే. కన్ను తెరవల్యా. మంగళవారం మీకు ఫోను చేస్తి, మీరు ఎత్తల్యా."

నేను ధర్మవరం వెళ్లాను. ఆస్పత్రి కాగితం అడిగి చూశాను. సోమవారం ఉదయం చేర్చుకున్న సమయం ఉంది. శుక్రవారం మరణం పన్నెండూ నలభై అని ఉంది. ఆ శుక్రవారం పొద్దుట్నుంచీ గ్రేసి మంచం దగ్గరే కదలకుండా కూర్చుందట. ఆయన చేతులు చూశాను. నర్సులు శుభ్రంగా తుడిచారు. వేళ్ల గీతల్లో మాత్రం బూడిద అలాగే ఉంది.

గ్రేసి నేను అడగకుండానే ఒక మాట చెప్పింది. "కడాకు ఒక గంటకు ముందు నుంచి మోకాళ్లు ముడుచుకున్న్యాడు సారూ. నర్సమ్మ సాపు జేస్తే మల్లా ముడుచుకుంటాండె. చలేస్తాందేమోనని దుప్పటి కప్పితి." ఎన్ని గంటలకు అని అడిగాను. ఆమె దగ్గర గడియారం లేదు.

సమాధి మీద అందరితోపాటు మూడు గుప్పిళ్ల మన్ను వేశాను. ఏడుపు రాలేదు. చేతికి అంటిన మన్ను దులుపుకుని, ఆరింటి బస్సు పట్టుకున్నాను.

మరునాడు మట్టల ఆదివారం. పెనుకొండలో ఆరాధన అయ్యాక సుగుణమ్మ కొబ్బరి మట్ట చేత్తో పట్టుకునే నా దగ్గరికి వచ్చింది. ఓబులేసు వార్త ఆమెకు అప్పటికే తెలుసు. ఆ విషయం మాట్లాడి, తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసింది.

"సారూ, నీ ఒంట్లో ఎట్లుండాది? శుక్రవారం భయపడితి నేను."

"ఎందుకమ్మా?"

"ఒంటిగంటకు లోపలికొచ్చి భుజం మీద చెయ్యేస్తే ఎముక తగిలె. రెండు గంటలు వరసగా ఉపాసంతో కూర్చుంటే కూర్చున్న్యాడు గానీ, ఈ సారు ఇంత చిక్కిపోయినాడేందబ్బా అనుకుంటి. సక్కరేమన్నా వచ్చిందేమో సూపించుకోమని చెప్దామని సాయంత్రం కోసరం సూస్తే నువ్వు భోజనానికీ లేకపోతివి."

నా బరువు డెబ్బై నాలుగు కిలోలు. ఆ నెలలోనే చూసుకున్నాను.

ఆమెకు నేను ఏమీ చెప్పకుండా ముందు ప్రశ్నలు అడిగాను. లోపల మనిషి ఉన్నాడా? ఉన్నాడు. ముఖం చూశారా? లేదు, చూడకూడదు కదా. ఏం బట్టలు? కళ్లు దించుకునే వచ్చాను, గమనించలేదు. లేచి వెళ్లాడా? చెయ్యి వేయగానే లేచి పక్కగా వెళ్లిపోయాడు. మోకాలు కుంటాడా? ఆమె ఆలోచించింది. లేదు, చప్పుడు కాకుండా పోయినాడు అంది.

నోటుపుస్తకంలో ఆమె చేతిరాతతో 1.02 అని ఉంది.

అప్పుడు నేను పన్నెండింటికే బయటికి వెళ్లిపోయానని చెప్పాను. ఆమె మట్ట కింద పెట్టి మెట్ల మీద కూర్చుంది. "ఎవురైతే ఏం సారూ, గొలుసు తెగల్యా కదా" అంది.

నేను అంతటితో వదలలేదు. మిగిలిన తొమ్మిది మందినీ విడివిడిగా అడిగాను. ఆ గంటలో ఎవరూ లోపలికి వెళ్లలేదు. అయ్యగారు గోరంట్లలో ఉన్నారు. ఆయన భార్య వంటగదిలో ఉంది. బయటివారు ఆ గదిలోకి రారు. వచ్చినా, భుజం మీద చెయ్యి వేయాలన్న సంగతి వారికి తెలియదు.

ఇరవై ఏడేళ్ల అలవాటు వల్ల నా శరీరమే చేతి బరువును ఊహించుకుందని అనుకోవచ్చు. అలా అనుకుంటే నా వరకు సరిపోతుంది. సుగుణమ్మకు సరిపోదు. ఆమె నేను ఉంటానని ఎదురుచూసింది గనుక ఖాళీ చాప మీద నన్ను ఊహించుకుందని అనుకోవచ్చు. అయితే ఊహించుకున్నది నన్నే అయినప్పుడు, ఎముకలు తేలిన భుజం ఎందుకు తగలాలి? బూడిద మచ్చ బస్సు సీటు నుంచి అంటి ఉండవచ్చు. మోకాళ్లు ముడుచుకోవడం వైద్యులకు తెలిసిన విషయమే కావచ్చు. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క జవాబు ఉంది. అన్నింటికీ కలిపి ఒక జవాబు లేదు. పైగా ఆస్పత్రి కాగితం పన్నెండూ నలభై అంటుంది, నోటుపుస్తకం ఒంటిగంటా రెండు అంటుంది. మధ్యలో ఇరవై రెండు నిమిషాలు. వాటిని ఏ గడిలో రాయాలో నాకు తెలియదు.

ఇంతే అయితే నేను ఇది రాసేవాణ్ణి కాను.

నెల తర్వాత ధర్మవరంలో ఓబులేసు జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టారు. అందరూ వెళ్లాక గ్రేసి దగ్గర నేను ఒప్పుకున్నాను. మీ నాయన ఆలస్యంగా వస్తాడని అందరి ముందూ చదివి అవమానించాను, పేరు కొట్టేశాను, క్షమాపణ చెప్పే అవకాశం లేకుండా పోయింది అన్నాను.

గ్రేసి నన్ను వింతగా చూసింది. "నాయన ఆలస్యంగా ఎప్పుడొచ్చినాడు సారూ? రెండు మూడుసార్లు నేనూ వెంబడి వస్తి కదా. పన్నెండుకు ముందే వచ్చి గది బయట మెట్ల మీద కూర్చుంటాండె. పోదాం పా నాయనా, టయమాయె అంటే, ఉండుమ్మే, సారు ఏడుస్తాండాడు, ఇంగొంచేపు ఏడవనీ, ఇంట్లో ఏడవడు ఆయప్ప అంటాండె. లోపల సప్పుడు నిలిచినాకనే లేసి చెయ్యి తుడుసుకోని పోతాండె."

"మరి నాతో ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే మల్లా మీరు ఏడుస్తారా సారూ?" అంది గ్రేసి.

ఆ రాత్రి ఇంటికి వచ్చి డైరీ తీశాను. ఈసారి మొత్తం కూడలేదు, సగటు తీయలేదు. ఒక్కొక్క ఏడాదీ విడిగా చూశాను. మొదటి పద్దెనిమిది ఏళ్లలో ఆలస్యం నాలుగు నిమిషాలకు తక్కువ లేదు, తొమ్మిదికి మించలేదు. నా ప్రార్థన ముగిసేదాకా ఆగినంత సేపు. పందొమ్మిదో ఏడాది ఒక్కసారిగా ముప్పై ఎనిమిది. ఆ తర్వాత ముప్పై ఒకటి కంటే కిందికి ఎన్నడూ దిగలేదు. కృప పోయింది ఆ పందొమ్మిదో ఏడాది గొలుసు ప్రార్థనకు రెండు నెలల ముందు.

ముప్పై మూడేళ్లు నేను చేసిన పని అదే. వరసలో అంకె ఎక్కడ ఎగిరిందో చూసి, ఎందుకు ఎగిరిందని అడగడం. కింది ఉద్యోగులు సగటు తీసి ఆ ఎగురును కప్పేస్తే కాగితం వెనక్కి పంపేవాణ్ణి. ఈ ఒక్క పట్టికను సగటు తీసి, అన్నం తింటున్న మనిషి ముందు చదివాను.

నేను ఏడవని ఏడాది ఆ చెయ్యి సరిగ్గా పన్నెండింటికి పడింది. దీనికీ దానికీ సంబంధం ఉందని నేను రాయడం లేదు. రెండూ జరిగాయని మాత్రమే రాస్తున్నాను.

ఈ సంవత్సరం పట్టిక మొన్ననే వేశాను. పదకొండు నుంచి పన్నెండు నా పేరు. పన్నెండు నుంచి ఒంటిగంట ఓబులేసు పేరు. అయ్యగారు చూసి అలాగే వరండా గోడకు అంటించారు. ఒంటిగంటకు సుగుణమ్మ ఎలాగూ వస్తుంది కాబట్టి, చెయ్యి పడకపోతే ఆమె వచ్చేదాకా మోకాళ్ల మీదే ఉంటాను.

ఎవరైనా వస్తారని నేను చెప్పడం లేదు. రారనీ చెప్పలేను. వర్షమాపకం దగ్గరికి వెళ్లినట్టే వెళతాను. బయటికి వచ్చాక ఆ పేరు ఎదురుగా సమయం రాస్తాను. సున్నా అయితే సున్నా అని రాస్తాను.